పెంబా దీవికి చేరని ఉత్తరం

సముద్రం వేడెక్కి నాచు పంట కుళ్లిపోవడం మొదలయ్యాక, జువేనా ఒడ్డునే ఉన్న బసలో గదులు ఊడ్చే పనికి కుదిరింది. ఉదయం పని, మధ్యాహ్నం నుంచి తండ్రికి చాకిరీ. ఒకప్పుడు ఊరికి షేహాగా పెత్తనం చేసిన ముసలాయన తొమ్మిదేళ్లుగా మంచం దిగలేదు. ఆయన నోటికి జావ అందించేది జువేనాయే.

ఆ ఏడు మార్గిట్ అనే విదేశీ నర్సు ఆ బసలో నెల రోజులుండటానికి వచ్చింది. ఏ దీవికి వెళ్తే ఆ దీవి రచయితల పుస్తకాలు ఇంగ్లీషులో వెతుక్కుని చదవడం ఆమె అలవాటు. జాంజిబార్ పట్నంలో కొన్న ఒక నవలతో రోజూ అరుగు మీద కూర్చునేది. అర్థంకాని ఊరి మాటలు జువేనాను అడిగేది. ఒకనాడు ఆ నవలలోంచి, కోపంలో భర్త విసిరిన జావకుండ తగిలి ఎడమ మణికట్టు కాలిన ఆడమనిషి కథ చెప్పింది. ఆమె కంగా గుడ్డలో రాళ్లు మూటగట్టి నడుముకు బిగించుకుని, పోటు వేళ సముద్రంలోకి నడిచిపోయిందట.

జువేనా చేతిలో చీపురు ఆగిపోయింది. తండ్రి తల్లి మీదికి జావకుండ విసిరినప్పుడు తను ఆ గదిలోనే ఉంది. అప్పటికి తనకి తొమ్మిదేళ్లు. వారం తిరక్కుండానే తల్లి మీజే చనిపోయింది. నాచు కోస్తుంటే పోటు లాక్కుపోయిందని ఊరంతా అన్నారు. ముప్పై మూడేళ్లుగా జువేనా అదే నమ్మింది.

రాసినదెవరని అడిగితే మార్గిట్ అట్ట తిప్పి చూపింది. ఊరి బళ్లో చదువు చెప్పిన వువాయి మాస్టారి పేరు.

మర్నాడు జువేనా దలదల బండెక్కి పట్నం వెళ్లింది. చూపు మందగించిన మాస్టారు గొంతుతోనే ఆమెను పోల్చుకున్నాడు. తను స్వాహిలీలో రాసిన ఆ పుస్తకం ఒక్కటి కూడా ఊరికి పోనివ్వలేదని తనే ఒప్పుకున్నాడు. ఇంగ్లీషులోకి వెళ్లిన పుస్తకం అలా తిరిగొస్తుందని అనుకోలేదన్నాడు.

"మా అమ్మ సంగతి మీకెలా తెలుసు మాస్టారూ?"

"మీ అమ్మకి రాయడం రాదు కదమ్మా. పెంబాలో ఉన్న మీ మేనమామకి నాచేత ఉత్తరం రాయించింది. వచ్చి తీసుకుపొమ్మని."

"మామ రాలేదా మరి?"

"పుస్తకంలో ఆ ఉత్తరం పోస్టు చేశానని రాసుకున్నాను. నిజానికి చెయ్యలేదు. మీ నాన్న షేహా. తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుందని భయపడ్డాను. మామ రాడని తెలిశాక, తనే సముద్రంలోకి వెళ్లిపోయింది. ఒడ్డు మీంచి చూశానమ్మా. కేక కూడా వెయ్యలేదు."

ఆయన్ని తిట్టాలని జువేనాకు నోటిదాకా వచ్చింది. తిడితే ఆయన గుండె బరువు దిగుతుందేమోనని ఆగింది. ఆయన ఇన్నేళ్లూ దాచి ఉంచిన ఉత్తరం మాత్రం అడిగి పుచ్చుకుంది. బండిలో కూర్చుని చదివింది. "శుక్రవారం పడవకి రా అన్నా. పిల్లలిద్దరూ ఎక్కువ తినరు, నీకు బరువు కారు" అని ఉంది. మిగతా దారంతా ఆమె కొంగు నోట్లో కుక్కుకునే కూర్చుంది.

ఇంటికి వచ్చి తండ్రికి ఆ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించింది. ఆయన గోడవైపు చూస్తూ మంచినీళ్లు అడిగాడు. ఇచ్చింది. తర్వాత అన్న మకామేను పిలిపించి, నాన్నను నీ ఇంటికి మోసుకుపొమ్మంది.

మకామే మండిపడ్డాడు. "ఎవరో తెల్లమ్మ కథ చదివిందని కన్నతండ్రిని గెంటేస్తావా? ఊళ్లో మొహమెలా చూపిస్తావే?"

"అమ్మ నీక్కూడా అమ్మే. ముందు ఇది చదువు, తర్వాత నన్ను తిట్టు."

అతడు చదవలేదు. మంచం మాత్రం మోయించుకుపోయాడు. పక్కింటి ఆడవాళ్లు కొన్నాళ్లు జువేనా పలకరింపుకు జవాబివ్వలేదు.

ముసలాయన రంజాన్ నెలలో పోయాడు. జువేనా అన్న ఇంటికి వెళ్లి, పరామర్శకు వచ్చినవాళ్లందరికీ ఉపవాసం విడిచే వేళకి అన్నం వండిపెట్టింది. ఏడవలేదు. ఆ వారమే ఉత్తరం తీసుకుని పడవెక్కి పెంబా వెళ్లింది. మేనమామ చనిపోయి పదేళ్లయిందట. ఆయన కూతురు, వచ్చిందెవరో తెలియకపోయినా, లోపలికి రమ్మని చాప పరిచింది.