రికార్డింగు షాపులో ఇచ్చిన చీటీ

మొన్న కుప్పంలో చెల్లెలింటికి పోయినప్పుడు, పాటలు పెడతానని నా ఫోను తీసుకుంది. ఈ మధ్య నేను మళ్లీ మళ్లీ విన్నవన్నీ ఆ ఫోనే వరసగా చూపించేసరికి, "ఏందక్కా, అన్నీ ఏడుపు పాటలే వింటాండావు, బావతో కొట్లాడినావా?" అని అందరి ముందరా అడిగేసింది. నవ్వేశాను గానీ, నా పాటలు బయటపడతాయని ప్రాణం పోయినంత పనైన రోజొకటి గుర్తొచ్చింది.

అప్పుడు పుంగనూరులో ఉండేవాళ్లం. మీకు తెలియనిదేముంది, కావలసిన పాటలు చీటీ మీద రాసి ఖాళీ క్యాసెట్టుతో రికార్డింగు షాపులో ఇస్తే నాలుగు రోజుల్లో ఎక్కించి పెట్టేవాళ్లు. పదో తరగతి తప్పి కుట్టు నేర్చుకోవడానికి పోతున్న నేను, మదనపల్లె కాలేజీకి బస్సెక్కే ఒకబ్బాయి మీద, ఒక్క మాటైనా మాట్లాడకుండానే మనసు పారేసుకుని, చీటీ నిండా ప్రేమ పాటలే రాశాను. ఆడపిల్ల పేరు షాపులో ఉండకూడదని, పైన మా నాన్న పేరు పెట్టాను.

అదే కొంప ముంచింది. రేడియో బాగుచేయించడానికి అదే షాపుకు పోయిన నాన్న, అరలో తన పేరున్న క్యాసెట్టు చూసి, అడిగి తెచ్చేసుకున్నాడు. "నా పేరు మీద ఉండాదే, నువ్వేనామ్మే రాయించింది?" అంటూ టేపు రికార్డరులో పెట్టాడు. ఇక కుట్టు నేర్చుకోవడం ఆగిపోయినట్టే, వచ్చిన మొదటి సంబంధానికే నన్ను ఇచ్చేసినట్టే అనుకున్నాను.

గోవింద నామాలు మొదలయ్యాయి. మా అవ్వ చేతులు జోడించింది. ఒక పాట అయిపోయి గరగరమన్నప్పుడల్లా ఇక నా పాటే అనుకునేదాన్ని, తర్వాతదీ దేవుడి పాటే అయ్యేది. ఆ పక్క అయిపోయేసరికి అమ్మ అన్నానికి పిలిచింది, క్యాసెట్టు తిప్పకుండానే నాన్న లేచిపోయాడు. అంత హాయిగా నేనెప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

మర్నాడు షాపుకు పోతే, షాపాయన మెల్లగా, "ఆడబిడ్డలు చీటీ ఇస్తే ఒక పక్క దేవుడికి ఇడిసిపెడతానమ్మా, నువ్వడిగినేవి రెండో పక్కుండాయి. ఇదో నీ చీటీ, సించి పారెయ్, నాకేం గుర్తు లేదు" అన్నాడు. దారిలోనే ముక్కలు చేసి కాలువలో వేసేశాను.

ఆ అబ్బాయి మీద ఇష్టం ఆ వానాకాలం దాకా కూడా నిలవలేదు. ఇప్పుడు అనుకున్న పాట అనుకున్న క్షణాన వస్తుంది, నాన్నకు భయపడే పనీ లేదు, అది సంతోషమే. కానీ అప్పట్లో నా మనసు తెలిసిన మనిషి ఊరంతటికీ ఆ షాపాయనొక్కడే, ఆయనా మరిచిపోయానన్నాడు. ఇప్పుడు నేను విన్నదంతా జాబితాగా రాసిపెట్టుకునేవాళ్లెవరో, నా చీటీ నాకిమ్మని ఎవరినడగాలో తెలియదు.