ఆ ముక్కు కాదండీ

పురిటి వార్డు నర్సమ్మ గొంతు పెద్దది. ఇరవై ఆరేళ్లుగా నొప్పులు పడే తల్లుల కేకలను దాటి మాట్లాడి మాట్లాడి అలా తయారైంది. ఇంట్లో ఉప్పు డబ్బా అందుకోమన్నా పక్కింటివాళ్లు ఉలిక్కిపడతారు. అందుకే మొదటిసారి నలుగురి ముందు పాడబోయే రోజున కూతురు ఆమె చేతులు పట్టుకుని బతిమాలింది.

"అమ్మా, వెనక వరసలో కూర్చో. నోరు మాత్రం మెదపకు. నీకు పుణ్యముంటుంది."

"నేనేమన్నా చిన్నపిల్లనా" అంది నర్సమ్మ, కాస్త నొచ్చుకుని.

ఆ పిల్ల భయం ఊరికే పుట్టలేదు. ఏడాదిగా సంగీతం మాస్టారు ఒకే మాటతో పొడుస్తున్నారు: ముక్కుతో పాడుతున్నావు, గొంతు కడుపులోంచి రావాలి. పాపం, అద్దం ముందు ముక్కు మూసుకుని సాధన చేసింది, ఏడ్చింది, మళ్లీ చేసింది. పాట చివర పొడుగాటి ఆలాపన ఒకటుంది. అక్కడికొచ్చేసరికి ఊపిరి చాలక గొంతు మళ్లీ ముక్కెక్కేది. ఈసారీ అలాగే అయితే పాట మానేస్తానని తల్లితో తెగేసి చెప్పింది.

నర్సమ్మ ఆ రోజు పొద్దున్నే డ్యూటీకెక్కి, ముగ్గురికి పురుడు పోసి, సాయంత్రం నేరుగా హాలుకొచ్చింది. కుర్చీ మెత్తగా ఉంది. దీపాలు తగ్గించారు. వేదిక వెనక తెల్లటి తెర ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతోంది, అచ్చం వార్డులో మంచాల మధ్య తెరలాగే. కూతురు గొంతెత్తింది. ఆ పాట గోరువెచ్చని నీళ్లలా వచ్చి కాళ్ల పీకులన్నీ కడిగేసింది. నర్సమ్మ రెప్పలు బరువెక్కాయి.

కుర్చీ నేల విడిచి తేలింది. తెర తనంతట తానే దగ్గరికొచ్చింది. దాని అవతల ఎవరో ఆడపిల్ల ఒంటరిగా నొప్పులు పడుతోంది. మొహం కనపడలేదు గానీ, బాగా తెలిసిన పిల్లే. ఆమె గొంతు సాగుతోంది, సాగుతోంది, సన్నబడుతోంది. అయ్యో, ఇంత దూరం వచ్చి ఆపేస్తోంది. నర్సమ్మ తెర తొలగించి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ముక్కు తల్లీ, ముక్కు. ఇంకాస్త ముక్కు."

ఆ మాట కలలో ఆగలేదు. హాలు నాలుగు గోడలకూ తగిలింది.

పాట ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, హాలంతా గొల్లుమంది. మాస్టారు తల పట్టుకున్నారు. మెలకువ వచ్చి, తనేమందో అర్థమయ్యేసరికి నర్సమ్మకు ప్రాణం పోయినంత పనైంది. కన్నతల్లే నలుగురిలో ముక్కని వెక్కిరించినట్టయింది. వేదిక మీద పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు మధ్య వరసలోంచి చంకలో బిడ్డతో ఒకావిడ లేచింది.

"ఆ ముక్కు కాదండీ. నర్సమ్మగారి గొంతు నేను మర్చిపోతానా? వీడు పుట్టేటప్పుడు నాతోనూ ఇలాగే అన్నారు. బలమంతా పెట్టి ముక్కమని."

"నాతోనూ" అంది ఇంకో మూల నుంచి ఇంకొకావిడ.

నవ్వులు సద్దుమణిగాయి. కూతురు వెనక వరస వైపు చూసింది. అక్కడ తల్లి రెండు చేతులతో నోరు మూసుకుని, బిక్కచచ్చి కూర్చుని ఉంది. ఏమనుకుందో ఏమో, ఆ పిల్ల కడుపు నిండా ఊపిరి పీల్చి, ఉన్న బలమంతా పెట్టి, ఆలాపన మళ్లీ అందుకుంది. ఈసారి అది ముక్కు జోలికి పోలేదు.

ఇద్దరూ ఇంటికి నడిచి వస్తున్నారు. వీధి మలుపు దగ్గర కూతురు అడిగింది.

"నేను పుట్టేటప్పుడు నీకెవరు చెప్పారమ్మా, అలా?"

"ఎవరూ లేరే. ఉన్న ఒక్క నర్సూ పక్క మంచం దగ్గర ఇరుక్కుపోయింది." నర్సమ్మ గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా ఉంది. "నాకు నేనే చెప్పుకున్నా."

కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది.

"వచ్చే నెల మళ్లీ పాడుతున్నా. ముందు వరసలో కూర్చో."