వాలిన గవ్వ

"...మూడు కాకపోతే మరేందిరా? నీ కళ్ళేమన్నా కాకులు పొడిచినయ్యా?" అంటూ దేవదాసు మోకాళ్ళ మీద లేచాడు.

"రెండే. ఆ మూడో గవ్వ పడలా. రాయికి ఆనుకొని నిలబడింది," అన్నాడు పున్నారావు.

"ఆనుకుంటే ఏంది? నోరు పైకే ఉందిగా!"

"సగమే ఉంది."

"అయితే నువ్వు సగం చావు చస్తావా?"

ఎవరూ నవ్వలేదు. ఇద్దరూ మేస్త్రి నాగయ్య వైపు తిరిగారు.

ఎడ్లపాడు కొండ కింద కంకర క్వారీ అది. ఎనభై నాలుగు ఎండాకాలం. ఆ పొద్దున బండ బెజ్జాల్లో మందు కూరి, తొమ్మిది తూటాలకు వత్తులంటించి పరిగెత్తుకొచ్చారు. ఎనిమిదే పేలాయి. పేలని తూటా బండలో ఉండగా ఆ చుట్టుపక్కల ఎవరూ సమ్మెట ఎత్తలేరు. ఒకడు పోయి, వత్తి ఎక్కడ ఆగిపోయిందో చూసి, పక్కన మళ్ళీ మందు పెట్టి రావాలి. పోయే ముందు అరగంట ఆగుతారు. నిప్పు లోపల రగులుతూ ఉంటే ఆ లోపు తేలిపోతుందని నమ్మకం. ఆ అరగంటలోనే బండ మీద బొగ్గుతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడతారు. మనిషికి ఒక్కటే కాయ. ఎవరి కాయ ముందు చస్తే వాడు తూటా దగ్గరికి పోవాలి.

ఆ పద్ధతి పెట్టింది నాగయ్యే. అంతకు ముందు గుమాస్తా వేలు చూపించేవాడు. ఆ వేలు ఎప్పుడూ మాలపల్లె వాళ్ళ మీదకో, వెనక అడిగే దిక్కు లేనివాడి మీదకో పోయేది. అమ్మా నాన్నా లేని నాగయ్య మీదకు ఒకసారి వచ్చింది. ఎడమ కన్ను ఆ రోజు పోయింది. మేస్త్రి అయ్యాక అతను చేసిన మొదటి పని నాలుగు గవ్వలు తెచ్చి బండ మీద పెట్టడం. గవ్వకు కులం లేదు, చుట్టం లేడు అనేవాడు. ఒంటికన్నుతో బెజ్జం లోతు అందదు కాబట్టి ఆటలో అతనికి కాయ లేదు. తగవు వస్తే తీర్పు మాత్రం అతనిదే. ఆరేళ్ళలో గవ్వలు పంపినవాళ్ళందరూ తిరిగొచ్చారు, ఒకడు రెండు వేళ్ళు తక్కువగా. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. అది నాగయ్యకు లోలోపల గర్వంగా ఉండేది.

ఇప్పుడు మూడు పడినట్టయితే దేవదాసు కాయ పోయి పున్నారావు కాయను చంపుతుంది. పున్నారావు నాగయ్యకు అక్క కొడుకు.

నాగయ్య వంగి చూశాడు. గవ్వ తోక చిన్న రాతిపలుకు మీద ఉంది. నోరు ఆకాశానికే ఉంది.

"పూర్తిగా పడలా. మళ్ళీ వెయ్యి," అన్నాడు.

"ఒంటికన్నుతో చూస్తే మేనల్లుడొక్కడే కనపడతాడు మేస్త్రీ," అన్నాడు దేవదాసు. ఈసారి అందరూ నవ్వారు. నాగయ్య కూడా నవ్వాడు.

దేవదాసు మళ్ళీ వేశాడు. ఒకటి పడింది. కాయ ఒక గడి జరిగింది. వెనక కాచుకొని ఉన్న జాన్ సాహెబుకు రెండు పడ్డాయి, సరిగ్గా దేవదాసు కాయ మీదకు. అతను కాసేపు కాయ ఎత్తలేదు.

"కొట్టు జానన్నా, నీదేముంది ఇందులో," అంటూ దేవదాసు తన కాయను తనే తీసి పక్కన పెట్టాడు. అరగంట అయిందని జాన్ సాహెబు చెప్పాడు. దేవదాసు తువ్వాలు తలకు చుట్టుకొని పోయాడు.

నాగయ్య చుట్ట అంటించుకున్నాడు. అది సగం కాలకముందే కొండ మోగింది.

దేవదాసును గోనెపట్టాలో దించారు. ముందుగా దొరికింది తువ్వాలే.

ఎవరికీ చెప్పకుండా తూటా దగ్గరికి పోయాడని గుమాస్తా కాగితం మీద రాసుకున్నాడు. అతని ముందు ఆట సంగతి ఎవరూ ఎత్తలేదు. పున్నారావు మాత్రం పొద్దుగూకే వేళకు మామ ఇంటి గుమ్మంలోకొచ్చి నిలబడేవాడు.

"గవ్వ పడలేదుగా మామా?"

"పడలా."

మర్నాడు మళ్ళీ వచ్చి అదే అడిగేవాడు.

దేవదాసు భార్య శేషమ్మ కూడా ఆ క్వారీలోనే తట్ట మోసేది. పదమూడో రోజున పనిలోకొచ్చింది. మధ్యాహ్నం నీళ్ళ డ్రమ్ము దగ్గర నాగయ్య ఒక్కడే ఉండగా వచ్చి నిలబడింది.

"అన్నా, ఆ గవ్వ ఎటు పడింది?"

"పడలా అమ్మా. ఆనుకుంది."

"ఎటు ఆనుకుంది?"

నాగయ్య ముంతతో నీళ్ళు ముంచాడు.

"అక్కడున్నోళ్ళందరినీ అడిగా. అందరూ మేస్త్రిని అడగమంటన్నారు. మా ఆయన్ని పంపింది గవ్వయితే నాకు తిట్టుకోను పేరు లేదు. ఎవురి కాయన్నా చస్తది. గవ్వేనని నీ నోటితో ఒక్కమాట చెప్పన్నా, చాలు."

ముంత నిండి పొర్లింది. నాగయ్య నీళ్ళు తాగాడు. మళ్ళీ ముంచి, మళ్ళీ తాగాడు. శేషమ్మ చుట్టకుదురు తల మీద పెట్టుకొని పోయింది.

ఆ రాత్రి నాగయ్య నాలుగు గవ్వలూ ముందు పెట్టుకొని కూర్చున్నాడు. గవ్వే అని చెబితే సరిపోయేది. అబద్ధాలాడటం తెలియనివాడేం కాదు. కానీ ఆ గవ్వను తను చూశాడు. ఉన్న ఒక్క కన్నుతో, పట్టపగలు, బెత్తెడు దూరం నుంచి చూశాడు. వేలు ఎత్తకుండానే వేలు చూపించాడు.

మరో వారానికి తొమ్మిదిలో మళ్ళీ ఒకటి పేలలేదు. ఎండ అప్పుడే బండల మీదకు ఎక్కుతోంది. ఆడవాళ్ళు తట్టలు బోర్లించి తాటాకు పందిరి కింద కూర్చున్నారు. శేషమ్మ నిలబడే ఉంది. జాన్ సాహెబు బొగ్గుముక్కతో గళ్ళు గీశాడు. ఈసారి ఆనుకోవడానికేమీ లేకుండా బండను తువ్వాలుతో రెండుసార్లు తుడిచాడు. పున్నారావు అందరికంటే ముందు తన కాయ పెట్టాడు.

"గవ్వలియ్యి మేస్త్రీ," అన్నాడు జాన్ సాహెబు.

నాగయ్య గుప్పిట తెరవలేదు.

"ఇయ్యాల గవ్వలు వెయ్యం," అన్నాడు, పందిరి దాకా వినపడేటట్టు. "అరగంట కానీండి. పున్నారావు పోతాడు."