జీతం చీటీ మీద బేరం

అమీర్‌పేటలో ఒక ప్లాస్టిక్ బకెట్టు కొనాలంటే ఇరవై నిమిషాలు పట్టే కాలం ఒకటుండేది. ఇప్పుడు ఫోన్ మీద వేలు ఆనిస్తే గుమ్మంలోకి వస్తోంది గానీ, అప్పుడు మా నాయిన ముందు నిలబడాల్సిందే. కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్ల నుంచి దిగి, హాస్టల్లో మంచం ఖాయం చేసుకున్న పిల్లలకి బకెట్టు, మగ్గు, పరుపు, దిండు అమ్మే దుకాణం మాది. నాయిన నూట యాభై అనేవాడు, వాళ్లు డెబ్బై అనేవారు, నాయిన గుండె మీద చెయ్యి పెట్టుకునేవాడు, వాళ్లు వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేసేవారు. అయిదో అడుగుకి నాయిన "అరె, ఇటు రా తమ్మీ, బోణీ బేరం" అని పిలిచేవాడు. (సాయంత్రం ఆరింటికి కూడా అది బోణీయే.) లోకమంతా ఆ అయిదో అడుగు మీదే నడుస్తుందని నమ్ముతూ పెరిగాను.

డిగ్రీ అయ్యాక పంజగుట్టలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. నెలకి పదహారు వేలని ఇంట్లో చాటింపు వేశాను. నన్ను దుకాణంలో కూచోబెట్టాలని నాయిన పట్టు. చివరికి ఆయనే ఒక పందెం పెట్టాడు. "సరే, చెప్పిన పదహారు వేలు ఒక్క రూపాయి తగ్గకుండ మీ అమ్మ చేతుల వెట్టు. వెడితే నౌకరి జేసుకో. తగ్గిందనుకో, మల్ల వచ్చి గల్లా కాడ కూసో." పదహారంటే పదహారే కదా అని ఒప్పుకున్నాను.

నెల తిరిగింది, జీతం చీటీ వచ్చింది. అందులో పద్నాలుగు వేల ఆరువందల పది. పీఎఫ్ అని కొంత, ఈఎస్ఐ అని కొంత, వృత్తి పన్ను అని నూట యాభై కోసేశారు. వృత్తిలో చేరి నెలన్నా నిండని నాకు వృత్తి పన్నేమిటో! అకౌంట్స్ మేడం దగ్గరికి పోయాను. గోదావరి జిల్లావిడ. కళ్లద్దాలు ముక్కు చివరన, చూపు కంప్యూటర్ మీద.

"మేడం, మూడు కోతలున్నయి. మన మధ్యల మాట, రెండు పెట్టుకోండ్రి."

"ఇదేమన్నా తోటకూర కట్టాండీ, మూడింట్లో ఒకటి తీసెయ్యడానికి?"

"పోనీ, పీఎఫ్ మీరన్నట్టే ఉంచుండ్రి. ఈఎస్ఐ సగం జేయుండ్రి. నాకు జలుబు తప్ప ఏ రోగం రాదు."

"మీ జలుబు సంగతి గవర్నమెంటుకి నేను చెప్పలేనండీ బాబూ."

ఇక ఆఖరి అస్త్రం తీశాను. "అయితే వద్దు తియ్యండ్రి" అని వెనక్కి తిరిగి నడిచాను. నాలుగడుగులు. అయిదు. ఆరో అడుగు కొంచెం చిన్నగా వేశాను. పిలుపు లేదు. మెట్ల దగ్గర ఆగి చెప్పు సర్దుకున్నాను. పిలుపు లేదు. మూడో అంతస్తు నుంచి కిందికి దిగి, పాన్ డబ్బా పక్కన పావుగంట నిలబడ్డాను. (నా టిఫిన్ డబ్బా పైనే ఉండిపోయింది, లేకపోతే ఆ పట్టుదలకి ఇంటికే పోయేవాణ్ణి.) మళ్లీ మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ తలెత్తకుండానే ఒక కాగితం జరిపింది. "వచ్చారా? ఇది నింపండి. ఈఎస్ఐ కార్డుకి మీ ఇంట్లో అందరూ కలిసున్న ఫోటో కావాలి. మీ జీతంలో కోసినదానికి తోడు కంపెనీ కూడా తన వాటా కడుతుందండీ. అది చూడకుండా ఎందుకంత గోల?"

ఇంటికి రోజూ షేర్ ఆటోలో పోయేవాణ్ణి, ఆ రోజు నడిచాను. పందెం ఓడినవాడికి తొందరేముంటుంది? నాయిన దుకాణంలో ఒక్కడే ఉన్నాడు. చీటీ తీసుకుని దూరంగా పట్టుకుని చదివాడు.

"పదహారు ఏవిరా?"

"కోత వెట్టిండ్రు నాయినా."

"గీ పీఎఫ్ ఏంది?"

"ముసలితనానికి దాస్తరంట. నేనెంతేస్తే కంపెనీ సుత అంత ఏస్తదంట."

నాయిన చీటీ దించాడు. "నువ్వు బేరం జేయకుండనే?"

"నేను జేసింది తగ్గించమని."

"తెలివి! ఇంకోటేంది?"

"దవాఖాన ఖర్చుకు. నాకు, అమ్మకు. నీకు సుత వచ్చేటిదే గాని, తల్లిదండ్రులకు రాబడి బాగ తక్కువుంటేనే పేరు రాయాల్నంట. నీ పేరు ఎట్ల రాస్త?"

నాయినేమో చుట్టాలడిగినా, పక్క దుకాణం భాయ్ అడిగినా "గిరాకీ మస్తుంది" అనే మనిషి. పైకప్పు దాకా పేర్చిన బకెట్ల వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"రాయి. కిరాయి పోంగ ఏం మిగుల్తలేదు బిడ్డా. రెండేండ్లాయె."

 "మరి నన్ను గల్లా కాడ కూసోమంటివి?" అన్నాను.

"నువ్వు కూసుంటే గిరాకి వస్తదేమో అనుకున్న." చీటీని నాలుగు మడతలు పెట్టి నా జేబులో పెట్టాడు. "పో. నౌకరికే పో. ఇంటిల్లిపాదికి దవాఖాన పైసలు ఎవలిస్తున్నరు ఈ దినాల్ల?"

మర్నాడు పొద్దున్నే షటర్ దించి, అమ్మనీ నన్నూ ఫోటో స్టూడియోకి నడిపించాడు. పండక్కి కూడా దుకాణం మూయని మనిషి పని దినాన మూశాడు. ఆ కార్డు మీద మూడేళ్లు ఆయన మోకాళ్లకి మందులు దొరికాయి. తరవాత నా జీతం ఈఎస్ఐ హద్దు దాటి కార్డు చెల్లకుండా పోయింది, దుకాణం పోయింది, వెనకే నాయిన పోయాడు. ఇప్పుడు నా చీటీలో ఇన్‌కమ్ ట్యాక్స్ అనే పెద్ద గీత కూడా ఉంటుంది. ఆఫీసులో అందరం దాన్ని తిట్టుకుంటూ టీ తాగుతాం.

ఆ ఫోటో మాత్రం దాచుకున్నాను. ముగ్గురం కలిసి తీయించుకున్నది అదొక్కటే. అమ్మ సరిగ్గా అప్పుడే కళ్లు మూసింది. నాయిన ఇస్త్రీ చొక్కాలో పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. మధ్యలో ఇరవై రెండేళ్ల పిల్లగాడొకడు, పదమూడు వందల తొంభై రూపాయలు ఎవరో లాక్కుపోయినట్టు మొహం వేలాడేసుకుని ఉన్నాడు. వాణ్ణి చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. కాసేపటికి, వాడి భుజం తట్టి, "జర నవ్వరాదురా, పక్కన నాయినున్నడు" అని చెప్పాలనిపిస్తుంది.