ఎదురుకాళ్లతో పుట్టినవాడు

పోర్ట్ షెప్‌స్టోన్ నుంచి రెండు గంటలు లోపలికి వెళ్లాక, లారీ మమ్మల్ని మూతబడిన ఒక బడి దగ్గర దించింది. సన్నని వాన. చుట్టూ కొండలు, చెరుకు తోటలు, కాలిన గుడిసెలు. తెల్లవాళ్లే కాక అందరూ ఓటు వేయబోయే మొదటి ఎన్నికలకు ఇంకా ఆరు వారాలున్నాయి. ఆ లోయలో రెండు పార్టీల మనుషులు ఒకరినొకరు చంపుకోకుండా చూడటం మా పని. మేం పదిమంది సైనికులం. నేను రేడియో ఆపరేటర్‌ని, తాతల కాలంలో చెరుకు పనికొచ్చినవాళ్లుండే అవోకా కుర్రాణ్ణి, అందరిలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. నా వీపున మోసే సెట్టు, బ్యాటరీలు కలిపి పన్నెండు కిలోలు.

ఉదయం ఐదింటికి గస్తీ. నాలుగో రోజు కార్పొరల్ "బయలుదేరండి" అనగానే నా నడుం పట్టేసింది. మెడిక్ వేళ్లతో నొక్కి చూశాడు.

"తిరిగొచ్చాక ఉంటుందా?"

"ఉండదు."

"పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సెట్టు బరువు ఒకటేగా. ఇది భయం, బ్రదర్. నొప్పి మాత్రం నిజమే."

ఒళ్లు మండిపోయింది. పిరికివాడా అన్నట్టే వినబడింది. మాత్రలు మింగాను గానీ ఆ మాట మింగుడుపడలేదు.

అందుకే, మా ముందు నడిచే జులూ స్కౌట్‌కి నాయనమ్మ వైద్యం చెప్పాను. నడుం పడితే ఆవిడ వీధంతా వెతికించేది. "ఎదురుకాళ్లోడెవడన్నా ఉన్నాడేమో సూడండ్రా, ఓ తొక్కు తొక్కితే దిగిపోద్ది" అనేది. పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్లు ముందు వచ్చినవాడి పాదానికి ఆ గుణం ఉందని మావాళ్ల నమ్మకం. స్కౌట్ నవ్వలేదు. బూటు విప్పాడు.

"నేనలాగే పుట్టాను, మ్ఫోవెతు. పడుకో."

జులూలో మ్ఫోవెతు అంటే సోదరా అని అర్థం.

అప్పటినుంచి రోజూ నాలుగున్నరకి సిమెంటు నేల మీద బోర్లా పడుకునేవాణ్ణి. అతను కుడి పాదం ఆనించి మెల్లగా మూడుసార్లు తొక్కేవాడు. నడుం వదిలేసేది. "ఓటేసేదాకా నీ నడుం నా పూచీ" అనేవాడు. ఐదు వారాలు అలాగే గడిచాయి.

ఎన్నికలకు నాలుగు రోజుల ముందు, తొక్కినా వదల్లేదు. అంతకుముందు రోజు లోయలో కాల్పులు విన్నాం. కార్పొరల్ నోరు తెరిచేలోపే స్కౌట్ నా సెట్టు భుజాలకు తగిలించుకున్నాడు.

"ఇవాళ నువ్వు టీ పెట్టు."

ఆరూ నలభైకి బడిలోని సెట్టులో కార్పొరల్ గొంతు వినిపించింది: "ఒకరు పడిపోయారు. సెట్టు మోసేవాడు. ప్రాణం లేదు."

ఏరియల్ చూసి కాల్చారట. ఎవరు కాల్చారో ఈ రోజుకీ తెలియదు. నేను నిటారుగా లేచి నిలబడ్డాను. నడుంలో ఏ నొప్పీ లేదు. అందుకే నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

సైన్యం నుంచి విడుదలయ్యాక, ఇంటికి వెళ్లే దారిలో, అతని సామాన్ల పెట్టె తీసుకుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాను. ఓదార్పుగా ఉంటుందనుకుని ఆ తొక్కుడు వైద్యం సంగతి చెప్పాను.

"కాళ్లు ముందా?" అందామె. "లేదు బిడ్డా. తలే ముందొచ్చింది. తేలిక కాన్పు."

నా భయం పోగొట్టడానికి అతను ఐదు వారాలు అబద్ధమాడాడు. ఇక దాచలేకపోయాను. ఆ రోజు సెట్టు నేను మోయాల్సిందని చెప్పేశాను.

ఆమె గుమ్మం పట్టుకుని లేవబోయి, నడుం మీద చెయ్యి వేసుకుని మధ్యలో ఆగిపోయింది.

"వాడు యూనిఫాం వేసుకున్ననాటి నుంచీ ఇంతే."

చెయ్యి అందించాను. పట్టుకోలేదు. సగం లేచి అక్కడే ఆగిపోయిన ఆమె ఇప్పటికీ నా కళ్లముందు అలాగే ఉంది.