బంగాళాఖాతంలో చెరకు తోట

మా మామగారి చెరకు తోటను బంగాళాఖాతం ఖాతాలో జమ చేసిన ఘనత నాదే. తుపాను పని కాదది, నా టైపింగు పని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. పోర్టు దగ్గర ఓ షిప్పింగ్ ఆఫీసులో నాది కంప్యూటర్ ఉద్యోగం. మామగారి పొలం సింహాచలం కొండ అవతల. నా భార్య అన్న, అంటే మా బావ, స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసేవాడు. పొలానికి తూర్పు పక్కన ఓ చెక్క నేలలో సరుగుడు వేశాడు. చెరకు దిగుబడి పడిపోతోంది కాబట్టి, వానలు పడగానే మిగతాదంతా సరుగుడే వేసేద్దామంటాడు. మామగారికి చెరకంటే ప్రాణం.

"బాబూ, నీ కంప్యూటర్లో ఏసి సూడు. నేల పాడైపోనాదా, ఇంకేటైనా ఉందా?" అన్నారు. అల్లుడికి అంతకన్నా ఏం కావాలి?

కోతలప్పుడు ఏ మడికి ఎన్ని కట్టలు దిగాయో రాసుకున్నాను. అడిగి తెచ్చుకున్న జీపీఎస్ పట్టుకుని మడుల మూలమూలా, సరుగుడు చెక్క మూలల్లోనూ నిలబడ్డాను. అన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి, మ్యాపులో దిగుబడి బాగున్న మడికి పచ్చ, తగ్గినదానికి ఎరుపు రంగులు వేసి, ఆ రంగుల మోజులో తోట ఎక్కడ పడిందో చూసుకోకుండా, మామగారి వసారాలో ప్రింటు పరిచాను.

"ఈ నీలం ఏటి బావా?" అన్నాడు మా బావ.

"సముద్రం."

"మరి సెరుకెందుకు? రొయ్యలేద్దుం."

ఇక నా రంగుల గోడు ఎవరూ వినలేదు. మామగారు కాగితం మడిచి నా చేతికిచ్చారు. భోజనాల్లో చేపల పులుసు వడ్డించినప్పుడల్లా బావ, "తిను బావా, మన పొలంలోయే," అనేవాడు.

తప్పు దొరికేసరికి ఎండాకాలం వచ్చింది. జీపీఎస్ చూపిన డిగ్రీల తర్వాతి నిమిషాలను అరవైతో భాగించి దశాంశాలు చెయ్యాలి. నేను మధ్యలో చుక్క పెట్టి ఉన్నవి ఉన్నట్టు దించేశాను. భాగించగానే తోట బుద్ధిగా గట్టెక్కింది.

వానలకు ముందే కొత్త మ్యాపు పట్టుకెళ్ళాను. పడమటి మడులన్నీ పచ్చగా ఉన్నాయి. తూర్పు అంచున ఒక్క వరసే ఎర్రగా ఉంది. మామగారు దాని మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

"తూరుపేపు నీ సరుగుడే కదరా. నీడా దాందే, నీరూ అదే తాగేత్తంది. నేల బాగానే ఉంది. సెరుకే ఉంటాది. గట్టుకాడ సరుగుడు కొట్టీ."

బావ మ్యాపు మీదికి వంగి, తప్పు పట్టుకున్నవాడిలా అడిగాడు.

"మరి నా సరుగుడేది బావా, ఇందులో?"

ఆ చెక్క అంకెల్ని నేను భాగించలేదు. వేలిని కొండ దాటించి, ఊరు దాటించి, నీలంలో ఆపాను.

"సరుగుడికి సముద్రం గాలి మంచిది కదా బావా. ఉండనీ."