అమ్మ కదలకుండా కూర్చున్న పొద్దు

బొమ్మ గీయించుకోవడం దండగని, గీయడం నేనే నేర్చుకున్నాను. వరంగల్‌లో ఇంత తెలివైన నిర్ణయం ఇంకో స్టీలు సామాన్ల వ్యాపారి తీసుకున్నట్టు నేను వినలేదు.

మా దుకాణంలో గల్లా దగ్గర అమ్మ కూర్చుంటుంది. వెనక గోడ మీద తాత, నాన్న దండలతో ఉంటారు. వాళ్ళ పక్కన తన బొమ్మ ఉండాలని అమ్మ పట్టు. అదీ బతికుండగానే.

"ఫొటో పెడితే పోయిందనుకుంటరు బిడ్డా. చేత్తోటి గీసిన బొమ్మయితే అనుమానం రాదు. పోయినంక పెడితే నాకేం కనవడ్తది?"

బొమ్మలు గీసే ఆయన అయిదు వేలు చెప్పి నాలుగుకు దిగాడు. నేను మూడు దగ్గర ఆగాను. లేచి నడిస్తే వెనక నుంచి పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. తిరిగి చూస్తే పరువు పోతుంది కాబట్టి, నేరుగా పోయి ఒక రిటైర్డ్ డ్రాయింగ్ సారు దగ్గర చేరాను.

"యూరప్‌ల పాతకాలం పిల్లగాండ్లు ముందుగాల గురువు గీసినయి చూసి గీసేటోళ్ళు," అన్నాడు సారు. "తర్వాత ప్లాస్టరు చేతులు, ముక్కులు, తలకాయలు. ప్లాస్టరు కదలదు గదా. అది వచ్చినంకనే ప్రాణమున్న మనిషి. మొత్తం మూడు మెట్లు."

"ఒకటిన్నర మెట్లకు చేస్కోండి సార్."

చివరికి మొదటి మెట్టు తీసేయించాను. ఆ యూరప్ పిల్లలకు ప్లాస్టరులో గ్రీకు దేవుళ్ళు దొరికారు. నాకు వినాయకులను పోసేవాళ్ళ దగ్గర విరిగిన ముక్కలు దొరికాయి. చెయ్యి కొంటే తొండం ఉచితం. నెలల తరబడి గీశాను. తొండం మీద నాకు మంచి పట్టు వచ్చింది.

తర్వాత అమ్మ.

"ప్లాస్టరు లెక్క కూసో అమ్మా. రెప్ప గూడ ఆడియ్యొద్దు."

గల్లా దగ్గర అమ్మ అలాగే కూర్చుంది. వర్ధన్నపేట నుంచి వచ్చిన ఒకామె పన్నెండొందల బిందె పట్టుకుని, "ఆరొందలకిస్తవా అమ్మా?" అంది. మామూలుగా అయితే అమ్మ నవ్వి, బిందె లాక్కుని లోపల పెట్టేసేది. ఇప్పుడు కదలలేదు. మా బజారులో వద్దనకపోతే ఇచ్చినట్టే.

"అక్కా, జల్ది రా! అమ్మ ఇయాల ఏమంటలేదు!" అని ఆమె బజారులోకి కేకేసింది.

జనం వచ్చారు. టిఫిన్ డబ్బాలు పోయాయి, కుక్కర్లు పోయాయి. నేను అడ్డుపడేవాణ్ణే గానీ, అప్పుడే పెదవుల దగ్గర ఉన్నాను. అమ్మ పెదవులు అంతసేపు మూసుకుని ఉండటం మళ్ళీ దొరకదు.

అమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎవరో పెద్ద గుండిగ ఎత్తారు.

"అయిందా?" అంది పళ్ళ మధ్య నుంచి.

"ముక్కొక్కటే ఉన్నది."

"ముక్కు లేకుంటనే పెట్టు!" అని లేచి గుండిగ లాక్కుంది.

ముక్కు ఆ సాయంత్రం ఇంట్లో, తొండాలకు అలవాటైన చేత్తో పూర్తి చేశాను. కొంచెం కిందికి వచ్చింది. మర్నాడు దుకాణంలో అమ్మకు చూపించాను.

"గీమె ఎవలురా?"

"నువ్వే."

అమ్మ దూరం జరిగి చూసింది, దగ్గరికి వచ్చి చూసింది. "మంచిగనే ఉన్నది. దండ మాత్రం ఎయ్యకు," అని తనే స్టూలెక్కి, నాన్న పక్కన మేకు కొట్టింది.

ఇక ఖర్చు. సారు ఫీజు రెండు వేలు. కాగితాలు, బొగ్గు నాలుగొందలు. ప్లాస్టరు చెయ్యి రెండొందలు. ఆ పొద్దు సామాన్ల మీద పోయింది ఎనిమిది వేల మూడొందలు. మొత్తం పదివేల తొమ్మిదొందలు. ఫ్రేము డబ్బులు అమ్మ తన దగ్గరివి ఇచ్చింది, అవి ఇందులో కలపలేదు.